గాయం లేని పిట్టలు

ఆ ఆదివారం కూడా పరజ పిట్టలన్నీ ఆ పెద్దాయనే కొనేశాడు.

విక్టోరియా సంచి పట్టుకుని వంతెన మీదికి వచ్చేసరికి పిట్టలమ్మే ఏసుకుమార్ బుట్ట ఖాళీ. ఆ అడవిబాతుల మీద కప్పిన తామరాకులు మాత్రం మిగిలాయి.

"ఒక్క జత కూడా లేదా?" అంది.

ఏసుకుమార్ తల ఎత్తకుండా పెద్దాయన వైపు చెయ్యి చూపించాడు.

పెద్దాయన గోనెసంచి మూతి కట్టుకుంటున్నాడు. ఎవరో, ఏ ఊరో ఎవరికీ తెలీదు. కొన్నాళ్లుగా ప్రతి ఆదివారం తెల్లారేసరికి దిగుతున్నాడు. బేరం ఆడడు. ఉన్నవన్నీ ఎత్తుకుపోతాడు.

"ఏవండీ, వచ్చేవారం మా అన్నయ్య ఏలూరు నుంచి భోజనానికి వస్తున్నాడు. అప్పుడైనా నాకో జత వదలండి."

"కోడి కొనుక్కోండమ్మా."

"మా ఇంట్లో ఏం వండుకోవాలో మీరు చెప్తారా అండీ?"

కోపమొచ్చినా అండీ వదలదు మా వైపు. అది మర్యాద అనుకుంటే పొరపాటు.

"ఈ పిట్టలు ఒంటికి మంచివి కావమ్మా."

"మరి మీకెలా మంచివయ్యాయి?"

పెద్దాయన సంచి భుజాన వేసుకుని శామ్యూల్ ఆటో ఎక్కాడు.

"ఏలూరు హోటళ్లకి వేస్తున్నాడమ్మా," అన్నాడు టీ కొట్టు పాండురంగారావు. "మన కొల్లేటి పిట్ట మన నోటికి అందకుండా చేస్తున్నాడు."

కొల్లేట్లో పిట్టని కొట్టకూడదని చట్టం. సర్కారు అక్రమ చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఏడాది నుంచి అటవీశాఖ జీపు తిరగడం ఎక్కువైంది. తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తే చాలు, వచ్చి వాలుతుంది. అందుకని తుపాకులన్నీ అటకెక్కాయి.

ఏసుకుమార్ బుట్టలోకి మాత్రం పిట్టలు వస్తూనే ఉన్నాయి. పనికోసం ఎక్కణ్ణుంచో వచ్చి, చేపల చెరువు కాపలాకి కుదిరిన కుర్రాడు. వలేసి పట్టానంటాడు. పిట్ట ఒంటి మీద గాయం ఉండదు. మాంసంలో సీసం గుండ్లు ఉండవు, పంటికి తగలవు. పెద్దాయన రాకముందు ఊళ్లోవాళ్లకి పొట్ట కూడా వాడే తీసి శుభ్రం చేసి ఇచ్చేవాడు. ఒక్క పెద్దాయనకే పొట్ట తీయకుండా అలాగే ఎత్తి ఇచ్చేసేవాడు.

గాయం లేని పిట్టే మేలైన పిట్టని ఊరు రేటు పెంచి మరీ కొంది. తిన్న ఒకరిద్దరికి వాంతులైతే కొల్లేటి నీళ్ల మీదికి నెట్టేశారు. జిహ్వ చెప్పిందే వేదం అనుకునేవాళ్లకి ఇంకెవరు చెప్పగలరు?

తరువాతి ఆదివారం వంతెన మీద మగవాళ్లు కాచుకుని కూర్చున్నారు.

"సంచి దించండి," అన్నాడు పాండురంగారావు.

"డబ్బిచ్చి కొన్నానండీ."

"మేం ఇవ్వలేకనా? దించండి ముందు."

సంచి లాగారు. పెద్దాయన వదల్లేదు. ఎవరో తోశారు. వెనక్కి పడ్డాడు. తల వంతెన రాతికి కొట్టుకుంది.

పిట్టల్ని పంచేసుకున్నారు. విక్టోరియా కూడా ఒక జత తీసుకుంది. పెద్దాయన పడ్డచోటు నుంచే పాకి వచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"పిల్లలున్న ఇల్లమ్మా. వండకండి."

"ఎందుకు వండకూడదో చెప్పండి. ఇక్కడే వదిలేసి పోతాను."

పెద్దాయన ఏసుకుమార్ వైపు చూశాడు. ఏసుకుమార్ మొహం తిప్పుకున్నాడు.

పెద్దాయన ఇంక మాట్లాడలేదు.

"చూశారా, చెప్పడానికేం లేదు," అని విక్టోరియా కాళ్లు విడిపించుకుంది.

చర్చి గంట కొట్టారు. తోసినవాళ్లూ చూసినవాళ్లూ ఆయన పక్కనుంచే నడిచి ఆరాధనకి వెళ్లారు. గుక్కెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు.

చర్చి నుంచి వచ్చి విక్టోరియా కత్తిపీట వేసుకుంది. ఈసారి పొట్ట తీసే పని తనదే. కోసింది. లోపల నిండా వడ్లు. వాటి మధ్య ఊదారంగు గుళికలు.

ఆమెకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వరిచేలో పురుగుకి ఆ మందు ఎన్నోసార్లు చల్లింది.

చెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తింది.

"ఎవరూ తినకండి. మందు పెట్టి చంపిన పిట్టలు. తినకండి."

ఇల్లిల్లూ తిరిగింది. పొట్టలో ఏముందో చూడకుండానే పాండురంగారావు పొయ్యెక్కించిన గిన్నెని తనే దించి గుమ్మరించింది. ఎవరూ ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. ఊరంతా వంతెన మీదికి పరుగు తీసింది.

శామ్యూల్ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పోయాడండీ," అన్నాడు. "ఏలూరు ఎప్పుడూ వెళ్లలేదండీ ఈయన. ఊరు దాటగానే దింపమనేవాడు. గొయ్యి తీసి పిట్టల్ని పాతిపెట్టేవాడు. పిచ్చోడేమో అనుకున్నాను."

పాండురంగారావు తల దించుకున్నాడు.

ఏసుకుమార్ని చెరువు కాపలా పాక నుంచి ఈడ్చుకొచ్చారు. విక్టోరియా వాడి చొక్కా పట్టుకుంది.

"మమ్మల్ని చంపుదామనుకున్నావా?"

వాడు శవం వైపు చూస్తున్నాడు.

"నువ్వు మందు పెడుతున్నావని ఈయనకి తెలుసు కదా. ఒక్క మాట చెబితే నిన్ను జైల్లో వేసేవాళ్లు, ఈయన బతికేవాడు. ప్రాణం పోతున్నా నీ పేరెందుకు చెప్పలేదు?"

ఏసుకుమార్ పెద్దాయన కాళ్ల దగ్గర కూలబడి, "నేను ఆయన కొడుకునండి," అన్నాడు.