కాస్త పంపిద్దురూ

“లే అగ్రదెసెరీయా కే లో... ఆపైన నోరు తిరగట్లేదు తల్లీ.”

“లో మందారన్ ఆ కాసా. మళ్ళీ అనండి పిన్నిగారూ.”

“మందారం పువ్వు గుర్తుపెట్టుకుంటాన్లే,” అంది సూర్యావతి. కొంగుతో మెడ తుడుచుకుని ఫోను వంక చూసింది. స్పీకరులో పొద్దెక్కినప్పటి నుంచీ అదే పాడు సంగీతం. సఖినేటిపల్లి రేవులో పడవ కోసం నిలబడ్డా ఇంతసేపు పట్టదు.

ఆమె భర్త స్పెయిన్ వాళ్ళ చేపల ఓడలో పనికి వెళ్ళాడు. డెక్కు మీద జారిపడ్డాడనీ, అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడనీ తెల్లవారుతూనే మరిది పాపారావు వచ్చి చెప్పాడు. ఇంటికి పంపాలంటే ఇన్సూరెన్సు కంపెనీకి భార్యే ఫోన్ చేసి సొంత నోటితో అడగాలట. అది రికార్డు చేస్తారట. స్పానిష్ తప్ప మరో ముక్క పలకని లైను. ఇవాళ దాటితే వాళ్ళకి పండగ సెలవులు.

అందుకే పక్క వీధి సత్యప్రియ వచ్చింది. స్పానిష్ నేర్చుకుని, ఇంట్లోనే కూర్చుని ఏదో హోటళ్ళ కంపెనీ కస్టమర్ కేర్‌లో మాట్లాడే పిల్ల.

“పంపండి అంటే పోయేదానికి ఇంత పొడుగెందుకమ్మా?”

“అలాగంటే ఆర్డరేసినట్టుంటుందండి. ఇదేమో ‘కాస్త పంపిద్దురూ, మీ మేలు మర్చిపోను’ అన్నట్టు. ఇంకా జరగనిదాన్ని జరగాలని కోరుకుంటే వాళ్ళకి మాట రూపమే మారిపోద్దండి.”

“ఆయ్. పక్కింట్లో కరివేపాకు రెబ్బ కావాలన్నా మనమూ అలాగే కదా అడుగుతాం.” సూర్యావతి లేచింది. “నీకు టీ పెడతానుండు.”

“వద్దొదినా!” అరుగు మీంచి పాపారావు గట్టిగా కేకేశాడు. “పక్కింటి బేబీ వాళ్ళు ఫ్లాస్కు పంపేరు. అన్నమూ వాళ్ళింటి నుంచే వస్తది. నువ్వు పొయ్యి జోలికెళ్ళకు.”

పొద్దుటి నుంచీ ఇదే వరస. గ్యాసు వెలిగించనిస్తే ఒట్టు. సూర్యావతి వెనక్కొచ్చి కూర్చుంది.

“వాళ్ళు పేరడుగుతారు పిన్నిగారూ. బాబాయిగారి పేరు మీరే చెప్పాలండి.”

“నేను చెప్పను.”

“అయ్యో, అదేంటండీ!”

“కట్టుకున్నాయన పేరు పలికితే ఆయుష్షు తగ్గిపోద్దని మా అమ్మ చెప్పేది. పెళ్ళైన కాడి నుంచి ఒక్కసారి పలికితే ఒట్టు. రేషన్ కార్డు అప్పుడు కూడా మీ పాపారావు బాబాయే చెప్పేడు. నువ్వు చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటది.”

సంగీతం ఠక్కున ఆగింది. ఆడగొంతు పలికింది. సత్యప్రియ నాలుగు ముక్కలు మాట్లాడి సైగ చేసింది. సూర్యావతి ఫోను రెండు చేతులా పట్టుకుంది.

“లే అగ్రదెసెరీయా కే లో మందారన్ ఆ కాసా అండీ.”

ఒక్క తప్పు లేదు. అవతలి గొంతు మెత్తగా ఏదో అడిగింది.

“పేరండి,” అంది సత్యప్రియ.

సూర్యావతి పెదవులు బిగించేసింది. సత్యప్రియే చెప్పబోతే అవతలామె ఒప్పుకోలేదు. భార్యే చెప్పాలి, లేకపోతే లైను పెట్టేయాల్సి వస్తుందంది.

“పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండీ! ఇప్పుడు తప్పితే ఆయనక్కడే ఉండిపోతారు!” సత్యప్రియకి ఏడుపొచ్చేసింది.

పాపారావు గుమ్మంలోకొచ్చాడు. “చెప్పొదినా! అన్నయ్యకేం కాదు,” అన్నాడు. వదిన కళ్ళలోకి మాత్రం చూడలేదు.

సూర్యావతి మరిది మొహం చూసింది. వంటింట్లో చల్లగా పడున్న పొయ్యిని చూసింది. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని, ఒక్కో అక్షరం విడమరిచి పలికింది.

“కొప్పాడి... జగ్గారావు.”

అవతలామె కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది. సత్యప్రియ గబగబా కళ్ళు తుడుచుకుంది. “రాసుకున్నారండి, తప్పకుండా పంపుతారంట. పేరు పలికేనని బెంగ పెట్టుకోకండి పిన్నిగారూ, బాబాయిగారి ఆయుష్షుకేం కాదు.”

“పోయినోళ్ళ పేరు పలకొచ్చులేమ్మా.”