పడవ దిగనక్కర్లేదు

"మీరు దిగకండి, మీకెందుకండీ శ్రమ!" అంటూ, ఏలూరు కాలువ గట్టున కొత్తగా కొట్టు పెట్టినాయన వెదురుగడ చివర ఇడ్లీ పొట్లం తగిలించి పడవలోకి అందించాడు.

"కూర్చున్న చోటికే ఫలహారం! ఎంత సుఖమో చూడు," అన్నాడు యోసేపు.

అతని భార్య రాహేలమ్మ పొట్లం విప్పలేదు. "ఒసే అనేవాళ్లే గానీ, మన పేటవాళ్లని అండీ అన్న కొట్టాయన ఎక్కడున్నాడయ్యా? ఇందులో ఏదో ఉంది."

"నీకన్నీ అనుమానాలే!"

వెనకే మరో పడవ ఆగింది. అందులోంచి మునసబుగారు దిగారు. కొట్టాయన ఎదురెళ్లి, బల్ల తుడిచి కూర్చోబెట్టి, ఆకు వేశాడు.

రాహేలమ్మ పొట్లంతో లేచింది.

"దిగకండమ్మా, మీకు శ్రమ!" కొట్టాయన పరుగున వచ్చి, అదే వెదురుగడ అడ్డం పెట్టాడు.

"శ్రమేం లేదండీ," అంటూ ఆమె గడను పక్కకి తోసి, గట్టు మీద కాలు పెట్టింది.