అన్నగారి అభ్యంతరం

"నీ కొత్త లింకు పెద్దమామయ్య లింకుకి అడ్డొస్తోంది, ఆయన కుదరదంటున్నాడు," అంది గ్లెనిస్, టోపీ తీసి బల్లమీద పెడుతూ. "నువ్వే వచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడాలట."

మెర్వ్ మొహం గంటు పెట్టుకున్నాడు. "వెళ్ళి కాళ్ళు పట్టుకోమంటావా?"

మా వైపు గొర్రెల స్టేషన్లలో, అంటే మైళ్ళకొద్దీ ఉండే గొర్రెల ఫారాల్లో, ఫోనూ నెట్టూ గాల్లోంచి తెచ్చే మైక్రోవేవ్ లింకు ఎవరు పెట్టుకోవాలన్నా లెక్కలు చూసేది గ్లెనిసే. కొత్త తరంగం పాత తరంగానికి అడ్డు రాదని ఆవిడ సంతకం పెడితేనే లైసెన్సు. అడ్డొస్తే ముందునుంచీ ఉన్నవాడు ఒప్పుకోవాలి. ముందునుంచీ ఉన్నవాడు ఆవిడ పెద్దమామయ్య క్లారీ. కొత్తగా అడుగుతున్నవాడు చిన్నమామయ్య మెర్వ్. మధ్యలో ఒక కంచె, ఏళ్ళ తరబడి మూతి విరుపులు.

కారణం వింటే నవ్వొస్తుంది. గొర్రెల్ని మళ్ళించే కుక్కల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్న క్లారీ, తమ్ముడి కుక్కకి రెండో బహుమతి ఇచ్చాడు. అంతే, మాటల్లేవు. క్రిస్మస్‌కి గ్లెనిస్ తల్లి ఒక అన్నకి పగలు, ఇంకో అన్నకి రాత్రి విందు వండలేక చస్తోంది.

మెర్వ్‌కి ఈ లింకు రాకపోతే కొంప మునుగుతుంది. ఫోనూ నెట్టూ లేని చోట ఇంకో వేసవి ఉండలేనని, అడిలైడ్ పట్నం వెళ్ళిపోతానని భార్య బెవ్ తేల్చి చెప్పేసింది. ఆవిడ వెళితే ఆయనా వెళ్ళాలి. పుట్టిన నేల అమ్ముకోవాలి.

"ముందు నా కుక్కకి అన్యాయం చేశానని ఒప్పుకోమను," అన్నాడు మెర్వ్.

బెవ్ వచ్చి మొగుడి నెత్తిన టోపీ పెట్టింది. "కుక్క పోయి ఎన్నాళ్ళయింది? లే. లేదా నా పెట్టె దించు."

మెర్వ్ లేచాడు.

క్లారీ వరండాలో బల్లమీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. టీ కెటిలు పొగలు కక్కుతోంది. బెవ్, గ్లెనిస్ పక్కన ఉండగా అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని చెరో దిక్కూ చూశారు.

"వాణ్ణి పవరు తగ్గించుకోమను, గ్లెనిస్."

"ఇంకా తగ్గిస్తే దానికన్నా మా గొర్రె అరుపే దూరం పోతుందని చెప్పమ్మా."

"అయితే డిష్షు పక్కకి తిప్పుకోమను."

"ఈయన మొహం తిప్పుకున్నట్టా?"

బెవ్ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. క్లారీ నవ్వాపుకోలేక తను కాల్చిన స్కోన్ల, అంటే చిన్న తీపి రొట్టెల, పళ్ళెం తమ్ముడి ముందుకి తోశాడు. మెర్వ్ ఒకటి కొరికాడు.

"దీన్ని కాల్చావా, తారు పూశావా?"

"అంటూనే రెండోది తీశావుగా."

క్లారీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు నీ కుక్క బాగానే చేసిందిరా. ఆ చివరి గొర్రె దగ్గరే కాస్త తడబడింది."

"తడబడలేదు. తప్పు గొర్రెది."

"సరే, గొర్రెదే."

మెర్వ్ కళ్ళు తుడుచుకుని, ఈగ పడిందన్నాడు. ఆ పైన ఒప్పందం చిటికెలో కుదిరింది. క్లారీ షరతు ఒక్కటే. కొత్త లింకు తన లింకుని ఎక్కడైనా పాడుచేస్తోందేమో చూసి పోవడానికి తమ్ముడు ప్రతి ఆదివారం స్వయంగా రావాలి.

"ప్రతి ఆదివారమా? నాకు వేరే పనుల్లేవా?" అని సణుగుతూనే మెర్వ్, వచ్చే వారం స్కోన్లు బెవ్ చేసి తెస్తుందని చెప్పి ఆవిడతో బండెక్కాడు.

ఆ బండి దుమ్ములో కనుమరుగయ్యేదాకా ఆగి, క్లారీ మేనకోడలి వైపు వంగి మెల్లగా అన్నాడు: "ఆ రెండు లింకులూ ఒకదానికొకటి తగలనే తగలవని నువ్వు మొదటిరోజే తేల్చిన సంగతి మీ అమ్మ దగ్గర కూడా ఎత్తకు తల్లీ, నీచేత నేనే అబద్ధం ఆడించానని తెలిస్తే ఆదివారం వాడు రాడు."