తొంభై డిగ్రీలు

నెవెనా వాషింగ్ మెషీన్ అద్దానికి అరచెయ్యి ఆనించి చూసింది.

గంట నుంచి తిరుగుతున్నా మంచుగడ్డలా ఉంది.

మీట తొంభై డిగ్రీల మీదే ఉంది. ప్లగ్గు సరిగానే ఉంది. ఫిల్టరు తీసి కడిగి మళ్ళీ బిగించింది. డ్రమ్ము తిరుగుతోంది, నీళ్ళు దిగుతున్నాయి. వేడి మాత్రం లేదు.

మంచం మీద పసివాడు బోయన్ మూలుగుతున్నాడు. ఒళ్ళంతా చీము పొక్కులు.

"మరిగే నీళ్ళలో ఉతకని గుడ్డ వాడి ఒంటికి తగలకూడదు. ఈసారి చీము రక్తానికి ఎక్కితే నేనేం చెయ్యలేను," అని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

నిన్న గుడ్డలు పొయ్యి మీద మరగబెట్టబోతే గిన్నె ఒలికి నెవెనా కుడిచెయ్యి కాలింది. మొగుడు బొగ్గుగనిలో షిఫ్టుకి పోయాడు. ఈ బిల్డింగుకి వచ్చి నిండా నెల కాలేదు, పిలవడానికి ఎవరి పేరూ తెలియదు. పెర్నిక్ ఊళ్ళో ఆ చలికాలమంతా కరెంటు వంతులవారీగానే. ఇంకాసేపట్లో అదీ పోతుంది.

తెల్లారేసరికి వస్తానన్న మెకానిక్ ఇంకా రాలేదు.

బెల్ మోగింది.

గుమ్మంలో అరవయ్యేళ్ళ మనిషి. నల్లకోటు. ఎర్రబడ్డ కళ్ళు.

"అమ్మా, నేను..."

"ఇప్పుడా రావడం? పైగా తాగొచ్చారా? పెళ్ళికి వచ్చినట్టు ఆ కోటేంటి, పనిముట్లేవి?"

ఆయన ఏదో చెప్పబోయాడు. లోపల పిల్లాడు కెవ్వుమన్నాడు.

నెవెనా చేతులు జోడించింది. "మీకు దణ్ణం పెడతా, తొందరగా చూడండి. కరెంటు పోయిందంటే నా బిడ్డ దక్కడు."

ఆయన పిల్లాడి వంక చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"స్క్రూడ్రైవరుందా తల్లీ?"

ప్లగ్గు పీకి, నీళ్ళు తోడేసి, వెనక రేకు విప్పాడు. టార్చిలైటు బల్బూ బ్యాటరీ అడిగి తీసుకుని, హీటరు రెండు కొసలకీ తీగలు తగిలించాడు. బల్బు వెలగలేదు.

"సున్నం పట్టి హీటరు మాడిపోయింది."

"కొత్తది వెయ్యండి మరి!"

"ఊళ్ళో ఎక్కడా లేదమ్మా."

నెవెనా అక్కడే నేలమీద చతికిలబడింది.

ఆయన మాడిన హీటరును ఊడదీసి, చేతిలో తిప్పి చూశాడు.

"నా దగ్గరొకటుంది. తెస్తా," అన్నాడు.

కాసేపటికి తెచ్చాడు.

"ఇది పాతది కదా! నాకు అంటగడదామనా?"

"పాతదేనమ్మా. అయినా నిన్నటిదాకా రోజూ దుప్పట్లు ఉడకబెట్టింది."

బిగించాడు. మీట తిప్పాడు. ఇద్దరూ అద్దం వంకే చూస్తూ కూర్చున్నారు. ముందు గోరువెచ్చన. తర్వాత చురుకు.

నెవెనా అద్దానికి చెంప ఆనించి భోరుమంది.

తలెత్తేసరికి ఆయన కోటు తొడుక్కుని గుమ్మం దాటుతున్నాడు.

"ఉండండి, కాఫీ అయినా తాగి వెళ్ళండి!"

"వద్దమ్మా. ఇంటి దగ్గర జనం ఎదురుచూస్తున్నారు."

కరెంటు పోయేలోగా గుడ్డలు ఉడికాయి.

పొద్దుగూకే వేళ తలుపు చప్పుడైంది. భుజాన పనిముట్ల సంచితో ఒక కుర్రాడు.

"బస్సు చెడిపోయిందండీ, ఏమనుకోకండి. మెషీనేదీ?"

నెవెనా కొయ్యబారిపోయింది.

"మరి పొద్దున వచ్చిందెవరు?"

పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్ల మీదికి పరుగెత్తింది. నల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకామె ఆయాసపడుతూ ఎక్కి వస్తోంది.

"బామ్మగారూ, నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన... మీకు తెలుసా? మా మెషీను బాగుచేసి వెళ్ళాడు. మెకానిక్ అనుకుని అనరాని మాటలన్నాను."

"మీ కింది ఇంటి రాంగెల్ అయ్యుంటాడు. శ్మశానం నుంచి ఇప్పుడే వస్తున్నాం."

"ఎవరు పోయారు?"

"మూడేళ్ళుగా మంచాన పడి ఉన్న వాడి పెళ్ళాం నిన్న పోయిందమ్మా," అంది ముసలావిడ. "శవపేటిక మెట్లు దించడానికి నలుగురిలో ఒక మనిషి తక్కువైతే మీ ఆయన్ని అడిగొస్తానని పైకి వచ్చాడు, అడిగాడో లేదో గాని, కట్టుకున్నవాడు మొయ్యకూడదని మేమెంత చెప్పినా వినకుండా చివరికి నాలుగో కొస తనే పట్టుకున్నాడు."