బీరువాలో ఎండ

బీరువాలో లైటు దానంతటదే టక్కున వెలిగింది. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు సన్నగా బయటికొచ్చింది.

టైమరు! హడావిడిలో చిట్టి టైమరు ఆపడం మర్చిపోయింది. రోజూ సాయంత్రం ఆ లైటు అలాగే వెలుగుతుంది. చూసి రోజూ మురిసిపోతుంది కూడా. ఇవాళ మాత్రం తన తల తనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

“ఇదేనా నీ తోట?” అంటూ బావగారు కుర్చీ లాక్కుని, సరిగ్గా స్విచ్‌బోర్డుకి అడ్డంగా కూర్చున్నాడు.

ఆయన చిట్టి అక్క మొగుడు. ఏసీలు బిగించే పని. చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. చేతిలో యాపిల్ పళ్ళ సంచి, మొహం నిండా నవ్వు.

“అక్క రాలేదా బావగారూ?”

“మీ అక్కకి జ్వరం. మాత్ర వేసి పడుకోబెట్టా. ఇటువైపు పనుంటే వచ్చి, నిన్నోసారి చూసి పోదామని మెట్లెక్కా.”

“అయ్యో,” అంది చిట్టి. కళ్ళు మాత్రం బీరువా తలుపు మీద వేడి చూపించే అంకెల్ని వదల్లేదు. ఇరవై తొమ్మిది.

అది పాత ఇనప బీరువా. లోపల గోడలకి తళతళలాడే రేకు అంటించి, పైన పెద్ద లైటు బిగించి, అందులో టమాటా నారు, మిరప నారు పెంచి నర్సరీకి ఇస్తుంది చిట్టి. కింద గాలి రావడానికి చిల్లులు. పైన ఫ్యాను. వేడిగాలిని లాగి, గొట్టంలోంచి కిటికీ బయటికి తోస్తుంది. ఫ్యాను ఆగిందంటే ఆ ఇనప డబ్బా పొయ్యి మీది పెనమే. ‘బట్టలేమో కుర్చీ మీద, మొక్కలేమో బీరువాలో’ అని అక్క ఎప్పుడూ ఆటపట్టిస్తుంది.

“నారు ట్రేలన్నీ బాల్కనీలో పెట్టావేం?” అన్నాడు బావగారు.

“నాటే ముందు ఎండకి అలవాటు చెయ్యాలి కదండీ.”

“మరి ఈ అరలు?” గోడకి ఆనించి ఉన్న బీరువా అరల్ని కాలితో తట్టాడు.

“లోపల కొత్త రకం పెట్టా. పొడుగ్గా పెరుగుతుంది. అరలు అడ్డమని తీసేశా.”

బావగారు తల ఓ పక్కకి వంచి ఫ్యాను చప్పుడు విన్నాడు. “అబ్బ, పిండిమరలా ఏం రొద! మాట వినపడి చావట్లేదు,” అంటూ వెనక్కి చెయ్యి చాపి దాని స్విచ్ నొక్కేశాడు.

గది మూగబోయింది. మాట వినపడట్లేదన్న మనిషి ఒక్క మాటా మాట్లాడలేదు.

ముప్ఫై రెండు.

“ఫ్యాను ఆపకండి బావగారూ. లోపల ఉడికిపోతుంది.”

“రెండు నిమిషాలకేం కాదు. ఏసీ పనివాడికి వేడి సంగతి నువ్వు చెప్తావా?”

“పోనీ లైటన్నా తీసెయ్యండి.”

“ఉండనీ. ఎలా పెరుగుతోందో నేనూ చూడాలిగా.”

ముప్ఫై ఐదు. ఇంత భయం చిట్టి జన్మలో ఎరగదు. మరీ గింజుకుంటే ఆయనకి అనుమానం. ఊరుకుంటే లోపల ప్రాణం పోతుంది. పిచ్చి నవ్వొకటి నవ్వి చున్నీతో మెడ తుడుచుకుంది.

“ఎందుకంత చెమట? లోపల పెంచకూడని మొక్కేమన్నా పెంచుతున్నావా ఏంటి?”

“భలేవారే!” అంది చిట్టి.

ముప్ఫై తొమ్మిది. బీరువాలో ‘టిక్’మని చిన్న చప్పుడు.

బావగారి తల గిరుక్కున తిరిగింది. “ఏంటది?”

“వేడికి ఇనుము సాగుతుంది కదా. మీకు తెలియనిదా?”

ఆయన లేచాడు. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. మెల్లిగా వెళ్ళి బీరువా పిడి పట్టుకున్నాడు.

చిట్టికి ఆ క్షణంలో దేవుడే గుర్తు చేశాడనాలి. బావగారికి ఉబ్బసం. ఎదుటివాడు సిగరెట్టు వెలిగిస్తే వీధి మారిపోయే మనిషి.

“తీస్తే తీశారు గానీ, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోండి. పురుగు పట్టిందని ఇందాకే మందు పొగ పెట్టా. లోపలంతా అదే.”

పిడి మీది చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కొచ్చింది. “ముందే చెప్పొద్దూ? కొంపలో ఆ విషమేంటి?”

“అందుకేగా ఫ్యాను ఆపొద్దని మొత్తుకుంటున్నా. ఆపితే పొగ గదిలోకి వచ్చేస్తుంది.”

ఒక్క అంగలో స్విచ్‌బోర్డు దగ్గరికి ఉరికి, బావగారే ఫ్యాను వేశాడు. అది గుర్రుమంది. చేతిరుమాలు ముక్కుకి నొక్కుకుని గుమ్మం దాటేశాడు. అక్కడ ఆగి రెండుసార్లు దగ్గాడు, ఊరికే.

“మీ అక్కకి ఏమన్నా చెప్పాలా?”

“జ్వరం తగ్గాక ఓసారి పంపండి బావగారూ.”

ఆయన ఆమె కళ్ళలోకి కాసేపు చూశాడు. “అలాగే,” అని మెట్లు దిగాడు.

చిట్టి గడియ పెట్టింది. పైగడియ కూడా పెట్టింది. కిటికీ పక్కన నక్కి, స్కూటరు మలుపు తిరిగేదాకా చూసింది. పరుగున వచ్చి లైటు ఆపి, బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచింది. వేడిగాలి మొహాన కొట్టింది.

చెమటలో తడిసి ముద్దయి, మోకాళ్ళు గుండెలకి హత్తుకుని కూర్చున్న అక్క, కమిలిన చెంప పైకెత్తి, “నిజంగా వెళ్ళిపోయాడా?” అంది.