అయిదో పేజీ సభ

“జనం ఎంతమంది అని రాయమంటారు మేడం?” ఫోన్లో వార్త టైప్ చేస్తూ తల ఎత్తకుండానే అడిగాడు రంగయ్య.

హేమలత మార్కాపురం కల్యాణమండపాన్ని ఒకసారి కలయజూసింది. కుర్చీలు గోడ వారన దొంతరలుగా ఉన్నాయి. తనూ, పాతికేళ్లుగా విలేకరిగా ఉన్న రంగయ్యా, పలకల ఫ్యాక్టరీలో పనిచేసే సంతోషమ్మా, వాచ్‌మన్ పిచ్చయ్యా తప్ప హాల్లో ఎవరూ లేరు.

“అయిదు వందలు.”

“డెస్కులో నమ్మరు. నాలుగు వందల ముప్పై ఏసుకుందాం. లెక్కపెట్టినట్టుంటది.”

“అలాగే వెయ్యండి.”

హేమలత హైదరాబాదులో ఒక ప్రచార ఏజెన్సీలో మేనేజరు. పన్నెండేళ్ల సర్వీసులో ఆమె కొన్ని సత్యాలు తెలుసుకుంది. పాత సరుకుకు కొత్త పేరు పెడితే ఇన్నోవేషన్. మీటింగులో భోజనం పెడితే సమ్మిట్. భోజనంలో ఐస్‌క్రీమ్ కూడా ఉంటే ఇంటర్నేషనల్ సమ్మిట్. వేదిక మీద ఏం జరిగిందో ఎవరికీ అక్కర్లేదు, పేపర్లో ఏం వచ్చిందన్నదే లెక్క.

ఇప్పుడు ఆమె ఉద్యోగం ఆ లెక్క మీదే ఉంది. పలకలు ఎగుమతి చేసే క్లయింట్ కోసం ‘పలక 2.0 ఇన్నోవేషన్ సమ్మిట్’ అని పొదిలిలో పెడితే వాన కొట్టింది. కంభంలో పెడితే జనం భోంచేసి, చేతులు కడుక్కుని అటునుంచి అటే వెళ్లిపోయారు. రెండింటికీ పేపర్లో ఒక్క ముక్క రాలేదు. మూడోది మార్కాపురం. పైగా వచ్చే వారం జరగాల్సిన క్లయింట్ బోర్డు మీటింగును రేపు ఉదయం తొమ్మిదికి మార్చారు. ఆ టేబుల్ మీద పేపర్ కటింగ్ లేకపోతే కాంట్రాక్టు పోతుంది, దాంతోపాటు నువ్వూ పోతావని బాస్ వినయ్ కుమార్ మధ్యాహ్నమే ఫోన్లో చెప్పాడు.

“ఆరింటికి జిల్లా పేజీ మూసేస్తారు. తొందరగా కానీండి మేడం.”

“ముఖ్య అతిథి ప్రసంగం రాశారా?”

“ఆయనది ఇనాల్సిన పనేముంది? పన్నెండేండ్ల నుంచి అదే మాట్లాడతన్నాడు. ‘యువత ముందుకు రావాల’ అంటాడు. ఎప్పుడో రాసేసినా.”

“మధ్యలో కరెంటు పోయినా జనం కదల్లేదని ఒక లైన్ వేస్తే?”

“అబ్బ, కమ్మగుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే మూడు లైన్లు గూడా రావు మేడం.”

అంతవరకూ మెట్ల మీద కూర్చున్న సంతోషమ్మ లేచి దగ్గరికొచ్చింది. సమ్మిట్‌లో సన్మానానికి ఎంపిక చేసిన ‘గ్రామీణ ఆవిష్కర్త’ ఈవిడే. రాయి కోసే మిషన్ చుట్టూ తడి గోనెపట్టా కట్టి, దుమ్ము ఎగరకుండా చేసింది. కంపెనీ ఆ గోనెపట్టాకు ‘సస్టెయినబుల్ డస్ట్ సొల్యూషన్’ అని నామకరణం చేసి, బ్రోచర్లో చైర్మన్ ఫొటో కింద వేసుకుంది.

“అన్నా, నేనేం మాట్లాడినానో ఒకసారి చదువు.”

రంగయ్య గొంతు సవరించుకున్నాడు. “‘కంపెనీ చలవతో నా జీవితంలో వెలుగు నిండింది అంటూ సంతోషమ్మ కన్నీటి పర్యంతమయ్యారు.’”

“ఏడ్చినానా?”

“ఏడ్చినావు.”

“సరేలే. మా ఆడోళ్లకు దగ్గు తగ్గడం లేదన్నా. నెలకొకసారన్నా ఫ్యాక్టరీకి డాక్టరును పంపీమన్న మాట గూడా ఏయి. నేను చెప్పాలనుకున్నది అదొక్కటే.”

రంగయ్య హేమలత వైపు చూశాడు.

“స్థలం చాలదు సంతోషమ్మగారూ,” అంది హేమలత. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా మార్చలేదు.

“ఇంగ ఫొటో,” అన్నాడు రంగయ్య. “జనం ఫొటో నా దగ్గరుంది. ఇదే హాల్లో, పోయిన నెల జరిగిన పెండ్లిది. తలకాయలన్నీ వెనకనుంచే గదా, ఎవరికి తెలస్తది? సన్మానం ఫొటోనే కావాల.”

హేమలత కవర్లోంచి కొత్త శాలువా తీసి, గుండుసూదులు ఊడదీసి సంతోషమ్మ భుజాల మీద కప్పింది. “మరి ముఖ్య అతిథి?”

“చెయ్యి కనపడితే చాలు. పిచ్చయ్య మామా, ఇట్ల రా!” రంగయ్య తన గడియారం విప్పి వాచ్‌మన్ చేతికి పెట్టాడు.

“నేనేంది, ముఖ్య అతిథేంది నాయనా!”

“నువ్వు గాదు మామా, నీ చెయ్యి. గడియారం కనపడేటట్టు పెట్టు.”

పిచ్చయ్య చెయ్యి చాలా గంభీరంగా శాలువా మీద వాలింది. రంగయ్య ఫొటో కొట్టాడు.

అయిదూ నలభైకి వార్త వెళ్లింది. అయిదూ యాభైకి డెస్కు నుంచి ఫోనొచ్చింది. అయిదో పేజీ, మూడు కాలమ్‌లు, ఫొటోతో సహా. హేమలత ఆ ముక్కే బాస్‌కు పంపింది. బాస్ మూడు చప్పట్ల బొమ్మలు పెట్టి, ‘గ్రాండ్ సక్సెస్!’ అని జవాబిచ్చాడు. ఉద్యోగం నిలబడింది. హేమలత వేదిక అంచున కూలబడి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

సంతోషమ్మ శాలువాను పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచింది. ఊడదీసిన గుండుసూదుల్ని ఒక్కొక్కటే ఏరి గుచ్చింది. కవర్లో పెట్టి హేమలత చేతికిచ్చింది.

“అది మీకే సంతోషమ్మగారూ. ఇంటికి తీసుకెళ్లండి.”

“వద్దులేమ్మా, నలిగిపోతది,” అంది సంతోషమ్మ. దగ్గు ఆపుకుని మాట పూర్తి చేసింది.

“సభ రేపు గదా!”