అమ్మ చెప్పిన ఇల్లు

తలుపు నీలమా, ఆకుపచ్చా అన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా పెరిగి, తమ్ముడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కుర్చీ బల్లకు తగిలింది. బల్ల మీది నీళ్ళ గ్లాసు ఒరిగింది. అప్పుడే ఒక పూత వేసి ఆరబెట్టిన కాగితం మీద ఆకాశం మొత్తం జారి వరండాలోకి వచ్చేసింది.

చిత్రకారిణి గుడ్డతో నీళ్ళద్ది, ఆ కాగితాన్ని తీసుకెళ్ళి గోడకు ఆనించింది. అలా గోడ పాలైనవాటిలో అది మూడోది.

అన్న జీవితమంతా భూములు కొలిచి రిటైరైన సర్వేయరు. తమ్ముడు పళ్ళ డాక్టరు. నడిమిది టీచరమ్మ. ఆదివారంతో వాళ్ళమ్మకు ఎనభై నిండుతాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూల్చేసిన పాత ఇంటిని నీటిరంగుల్లో వేయించి ఆవిడకు కానుకిద్దామని ముగ్గురూ కలిసి వచ్చారు. ఇంటి ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ స్టూడియోలో దిగినవి. వాటిలో వెనక జలపాతం ఉంది గాని ఇల్లు లేదు.

పోనీ, గుర్తున్నది చెప్పండి, వేస్తానంది చిత్రకారిణి. అదే ఆవిడ చేసిన తప్పు. సర్వేయరు ముఖద్వారం ఎత్తు అంగుళాలతో సహా చెప్పాడు గాని, అది ఎడమవైపుందో కుడివైపుందో చెప్పలేకపోయాడు. పళ్ళ డాక్టరు కిటికీలను పై వరస, కింది వరస అని లెక్కపెట్టి, ఒకటి కదులుతూ ఉండేదన్నాడు. టీచరమ్మ ఇద్దరి మాటల్లోనూ తప్పులు దిద్ది, అసలా ఇంటికి మేడే లేదని తేల్చేసింది. నీటిరంగుల్లో పడిన తప్పును మరో పూత పూసి దాచలేమని, ముందు మీలో మీరు తేల్చుకు రండని చిత్రకారిణి మొదటిరోజే చెప్పింది. వాళ్ళు కారులో తేల్చుకుంటారు, మెట్లెక్కేలోగా మళ్ళీ తిట్టుకుంటారు.

"మీ అమ్మగారినే అడుగుతాను," అంది చిత్రకారిణి.

"అమ్మకు తెలియకుండా ఇద్దామనుకున్నాం కదండీ," అని నసిగింది టీచరమ్మ.

"ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. నా దగ్గర మంచి కాగితం ఒక్కటే ఉంది. ఆపైన మీ ఇష్టం."

టీచరమ్మ తన ఇంటి అడ్రసు రాసిచ్చింది.

మర్నాడు టీచరమ్మ ఇంటి బాల్కనీలో పెద్దావిడ ఎవరి చొక్కాకో గుండీలు కుడుతోంది. చిత్రకారిణి పక్కన కూర్చుని, పిల్లలు పాత ఇంటి బొమ్మ కావాలంటున్నారని, కళ్ళు మూసుకుంటే ఏది కనబడితే అది చెప్పమని అడిగింది. పెద్దావిడ సూది చొక్కాకు గుచ్చి, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తలుపు రంగు గురించి అడిగే పనే పడలేదు. తలుపు పసుపుపచ్చ. గొళ్ళెం దగ్గర అరచేయి మేర రంగు లేచిపోయి, అడుగునున్న పాత ఎరుపు కనబడుతుంది. మూడు మెట్లు, మూడోదానికి అంచు విరిగింది. పొద్దున ఏడింటికి ఎండ పైగది అద్దాల మీద పడుతుంది, పది దాటాక మెట్ల మీదికి దిగుతుంది. మేడ పిట్టగోడ మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఆరుతుంటుంది. వానాకాలం వస్తే గోడ ఎడమ మూల తడిసి, ఏనుగు చెవిలాంటి మరక తేలుతుంది. అన్నీ తడుముకోకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోయింది.

చిత్రకారిణి రాసుకోవడం మరిచిపోయి వింది. అయిదేళ్ళు కాలేజీలో కూర్చోబెట్టి తనకు నేర్పించిందేమిటో ఆవిడకు అర్థం కాలేదు. ఒక గోడను అంత ప్రేమగా చూడొచ్చని అక్కడెవరూ చెప్పలేదు. ఇంటికి వెళ్ళి ఒక్క ఊపున వేసింది. పైగది అద్దాల మీది ఎండ కోసం కాగితాన్ని తెల్లగా అలాగే వదిలేసింది. చాలా ఏళ్ళకు మొదటిసారి, తను వేసినదాన్ని తనే కాసేపు నిలబడి చూసుకుంది.

ఆదివారం పొద్దున పెద్దావిడ ఎదుట పటం మీది గుడ్డ తీశారు.

"పసుపే. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదేగా," అన్నాడు సర్వేయరు.

తమ్ముడు కాదనలేదు. అద్దం మీద వేలు పెట్టి పైకిటికీ చూపించి, అది తన గది అన్నాడు. ఆ గదిలోంచే లోకాన్ని చూశానన్నాడు. మేడే లేదన్న టీచరమ్మ ఆ మేడ మెట్ల మీదే ఎక్కాలు బట్టీ పట్టానని కళ్ళు తుడుచుకుంది. సర్వేయరు ప్యాంటు మడిచి, విరిగిన మూడో మెట్టు మీంచి పడ్డప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ మచ్చ అందరికీ చూపించాడు. నాలుగు రోజులుగా మొహాలు చూసుకోని అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకున్నారు. ఆ వెంటనే, పటం ఎవరింట్లో ఉండాలన్నదాని మీద గొడవ మొదలైంది.

ఆ సందట్లో చిత్రకారిణి పెద్దావిడ పక్కకు చేరింది. ఆవిడ ఇంకా బొమ్మ వైపే చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"తేడా ఏమైనా వచ్చిందా అమ్మగారూ?"

పెద్దావిడ పిల్లల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇసుమంత కూడా లేదమ్మాయ్, ఎదురిల్లు అచ్చం ఇలాగే ఉండేది. నలభై ఏళ్ళు వంటింటి కిటికీలోంచి దాన్నే చూశాను. బయట నిలబడి మా ఇంటిని చూసుకునే తీరిక నాకెప్పుడిచ్చారు వీళ్ళు?"